ముసలిదాని ఊపిరి

బండిని ట్రక్కు మీద తీసుకెళ్ళాల్సి వచ్చింది. నడవలేక కాదు. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డు మీద చక్రం మోపకూడదని నిబంధన. రిజిస్ట్రేషన్ కావాలంటే పొగ పరీక్షలో గట్టెక్కాలి. పరీక్ష జరిగే షెడ్డు మా ఇంటికి పదకొండు కిలోమీటర్లు. అందుకని మా అక్క తొమ్మిదేళ్ళు తన చేత్తో కూర్చి నిలబెట్టిన కారు, నాలుగు చక్రాలకీ పట్టీలు బిగించుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా ఇంకో బండి వీపు మీద ఊరేగింది.

మేము ట్రక్కు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాం. అక్క ఒళ్ళో కాగితాల సంచి. వెనక అద్దంలోంచి కారు ముందుభాగం కనిపిస్తోంది. దానికి అక్క పెట్టిన పేరు ముసలిది. ముప్ఫయ్యెనిమిదేళ్ళ శరీరం, పద్నాలుగేళ్ళ ఇంజను. శరీరం మా నాన్నది. ఇంజను, ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన ఇంకో కారులోంచి అక్క విప్పి తెచ్చుకున్నది.

అక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. నాన్న దగ్గర నేర్చుకుంది, నాన్న పోయాక ఆ కొట్టు తనే నడుపుతోంది. నేనూ చిన్నప్పుడు ఆ కొట్టులోనే పెరిగాను కానీ నాకు ఆ పని అబ్బలేదు. ఆసుపత్రిలో పాత రోగుల ఫైళ్ళు భద్రపరిచే గదిలో ఉద్యోగం. రోజంతా ఆ గదిలో నేనూ, ఎప్పుడో కోలుకున్నవాళ్ళ జబ్బులూ ఉంటాం. ఒంటరి మనిషికి అది అనువైన పనే. మనుషుల్ని కాగితాల మీద చదవడం అలవాటయ్యాక, ఎదురుగా ఉన్న మనిషిని కూడా అలాగే చదివేశాననుకుంటాం. అక్కని కూడా నేనలాగే చదివేశాను. పెళ్ళి వద్దంది, స్నేహాలు పెంచుకోలేదు, సాయంత్రమైతే తను ఉంటున్న నాన్న ఇంటి పెరటి షెడ్డులో దూరి నట్లు బిగిస్తుంది: లోకం నుంచి దాక్కోవడానికి ఆ కారు ఒక చోటు. తొమ్మిదేళ్ళుగా ఇదే నా తీర్పు. నా తీర్పుల మీద నాకు అనుమానం రావడం అరుదు.

కొట్టున్న భవనం వచ్చే నెలలో కూలగొట్టేస్తున్నారు. అక్క పథకం ఇది: ముసలిదాని వెనక సీటు తీసేసి అక్కడ పనిబల్ల బిగించింది, సొరుగులు పెట్టింది, మిషను జారిపోకుండా చెక్క దిమ్మలు అమర్చింది. ఇకనుంచి కొట్టుకు మిషన్లు రావు, మిషన్ల దగ్గరికే కొట్టు వెళ్తుంది. నా పథకం వేరు. యాభైరెండేళ్ళ మనిషి, మోకాళ్ళు నొప్పులంటోంది, నా రెండు గదుల ఇంట్లో ముందుగది ఖాళీగానే ఉంది. వచ్చి ఉండమని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అక్క నవ్వి, ఇంకా నేను ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టే వయసుకి రాలేదురా అంది.

అంతా ఈ ఒక్క రోజు మీద ఉంది. ఈ నెలాఖరు లోపల పరీక్ష నెగ్గని పాత బండ్ల పేర్లు పుస్తకంలోంచి కొట్టేస్తారు. కొట్టేసిన బండి ఇక పాత ఇనుము కిందే లెక్క. మాకు దొరికిన తేదీ ఆఖరి తేదీ. నిబంధన ఇంకోటి కూడా ఉంది. శరీరం ఎంత పాతదైనా సరే, ఇంజను పుట్టిన సంవత్సరానికి ఏ హద్దు ఉంటే ఆ హద్దులోనే పొగ ఉండాలి. ఆ ఇంజనుతో పాటు పుట్టిన పొగ శుద్ధిచేసే పరికరాలన్నీ ఒక్కటి తగ్గకుండా ఉండాలి. పొగ విషయంలో ఒక తాతని మనవడితో సమానంగా పరిగెత్తమనడం లాంటిది.

ఆ ఉదయం జరిగిన ఒక చిన్న విషయం ఇక్కడ చెప్పాలి. ట్రక్కు రాకముందు అక్క లోపల కాగితాలు సర్దుకుంటోంది. నేను షెడ్డులో కారు దగ్గర నిలబడ్డాను. బానెట్ తెరిచి ఉంది. పక్కన బల్ల మీద కుట్టుమిషను నూనె డబ్బా, సన్నటి పొడుగు ముక్కుది. మా కొట్టులో నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది. ఏ మిషనైనా గడప దాటేముందు, కంటికి కనిపించే ప్రతి బోల్టుకీ, ప్రతి కీలుకీ రెండు చుక్కల నూనె పడాల్సిందే. అది పని పూర్తయిందన్న గుర్తు. చిన్నప్పుడు నాకు అప్పజెప్పిన పని అదొక్కటే. ఇంకేదీ చేతకాదని. నా చెయ్యి డబ్బా అందుకుంది. ఇంజను పక్కన వరుసగా ఉన్న ఏడు బోల్టులకి చుక్కలు వేసింది. అక్క పిలిచింది. డబ్బా పెట్టేసి వెళ్ళాను.

పరీక్ష షెడ్డు పొడుగ్గా, ఎత్తుగా, రెండు చివర్లా తెరిచి ఉంది. నేల మీద పసుపు గీతలు. మధ్యలో నేలలోకి దించిన రెండు జతల రోలర్లు; బండి చక్రాలు వాటి మీద ఉన్నచోటే తిరుగుతాయి. గోడవారగా చక్రాల బల్ల మీద ఒక తెర, దానినుంచి పొడుగాటి గొట్టం, గొట్టం చివర ఇనుప పుల్ల. ఆ పుల్లని బండి పొగగొట్టంలో దూరుస్తారు. పైన పెద్ద అక్షరాలతో బోర్డు: వరుసలో ఉన్న బండ్లు ఇంజను ఆపవలెను.

ఆ బోర్డు చూసి అక్క ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

ట్రక్కు మీంచి దించిన ముసలిదాన్ని వరుసలో ఇద్దరం తోసుకుంటూ పోయాం. మా ముందు కూరగాయల వ్యాను. దాని డ్రైవరు పరీక్షాధికారి గురించి వరుసలో అందరికీ వినపడేలా చెబుతున్నాడు. ఆయన్ని అందరూ తెల్లగుడ్డ అంటారట. మీటరు పెట్టకముందు పొగగొట్టం మూతికి తెల్లగుడ్డ పట్టి చూస్తాడట. పోయినసారి తన వ్యాను మూతికి పట్టిన గుడ్డని ఇంటికి తీసుకెళ్ళి తలకి రంగేసుకోమని ఇచ్చాడట. వరుసంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. ఆమె ఆ బోర్డు వైపు మళ్ళీ చూడటం మాత్రం నేను గమనించాను. ఎందుకో నాకు అర్థం కాలేదు.

తెల్లగుడ్డ సన్నటి మనిషి, రిటైరవడానికి దగ్గరలో ఉన్న వయసు. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. కారు పక్కన నిలబడి అక్కని కాదని నన్ను చూసి, ఇంజను ఏ సంవత్సరందని అడిగాడు. కాగితాల్లో యజమాని పేరు నాదే. మగపిల్లాణ్ణి కదా అని నాన్న ఆలోచించకుండా రాసిపెట్టాడు. నేను అక్క వైపు చూపించాను. అక్క సంవత్సరం చెప్పింది.

ఆయన పెన్ను ఆపాడు. "అందరూ బండి సంవత్సరమే రాయమని నా కాళ్ళావేళ్ళా పడతారమ్మా. మీరేంటి, కొత్తదే రాయమంటున్నారు?"

"దాని వయసు అదేనండి," అంది అక్క. "మనం దాచినా అది దాచదు కదా."

ఆయన బానెట్ ఎత్తి లోపలికి వంగాడు. చేతిలో ఆ ఇంజను అసలు పటం. ఒక్కో గొట్టాన్నీ పటంలో వేలితో పట్టుకుని, ఇంజనులో ఇంకో చేతి వేలితో పట్టుకుని, రెండు చివర్లూ చేరేదాకా వదలడంలేదు. ఒకచోట వేలు ఆగింది. పాత శరీరానికీ కొత్త ఇంజనుకీ కొలత కుదరని చోట అక్క గొట్టాల్ని తన పద్ధతిలో నడిపింది. తీగలన్నిటినీ మైనపు దారంతో జానెడుకొక ముడి చొప్పున కట్టింది. ముడులన్నీ ఒకే దూరంలో, ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ ముడుల్ని లెక్కపెడుతున్నవాడిలా చాలాసేపు చూశాడు. నేను కూడా చూశాను. తొమ్మిదేళ్ళుగా, అక్కని చూడటానికి వచ్చినప్పుడల్లా పెరటి షెడ్డు తలుపు దాకా వెళ్ళి, భోజనానికి రమ్మని పిలిచి వెనక్కి వచ్చేవాణ్ణి. లోపలికి వంగి చూడటం అదే మొదటిసారి. పొద్దున చుక్కలు వేసినప్పుడు కూడా నేను చూసింది ఆ ఏడు బోల్టుల్నే.

చివరికి ఆయన నిటారుగా నిలబడి, అన్నీ ఉన్నాయి, ఇంజను వెయ్యండి అన్నాడు.

ముసలిది ఒక్క తిప్పుకే లేచింది. చప్పుడు చాలా తక్కువ. బానెట్ మీద పెట్టిన పెన్ను కూడా కదల్లేదు. ఇంజను వేడెక్కేదాకా ఆగి, ఆయన తల ఊపి గొట్టం కోసం చెయ్యి చాపాడు. అప్పుడు బానెట్ కింద నుంచి నీలం కలిసిన తెల్లటి పొగ ఒక పాయ లేచింది. తర్వాత ఇంకోటి. క్షణాల్లో ఇంజను పక్కంతా కమ్ముకుంది.

ఆయన చెయ్యి పైకెత్తాడు. అక్క ఇంజను ఆపింది. కంటికి పొగ కనిపిస్తే మీటరు పెట్టకుండానే ఆపేస్తారు. ఫెయిల్ అని రాస్తారు. మళ్ళీ పరీక్ష పదిహేను రోజుల తర్వాతే. మాకు పదిహేను రోజులు లేవు.

ఆ క్షణంలో నాలో జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. నా గుండెల్లో ఏదో వదులైంది. హాయిగా. ముందుగదిలో అక్క కోసం కొన్న మంచం కళ్ళముందు కదిలింది. దాని మీద దుప్పటి, పక్కన నీళ్ళ గ్లాసు. సాయంత్రం నేను ఇంటికెళ్ళేసరికి దీపం వెలిగి ఉండటం. ఎవరో ఉండటం. ఆ హాయి వెనకే ఇంకోటి వచ్చింది. పొద్దున షెడ్డులో మూడో బోల్టు దగ్గర నా చెయ్యి ఆగింది. ఇది పొగగొట్టం బోల్టు, ఇది కుట్టుమిషను కాదు, ఇది కాలుతుంది అన్న ఆలోచన స్పష్టంగా వచ్చింది. వచ్చాక కూడా చెయ్యి నూనె డబ్బా అడుగు నొక్కింది. అక్కడ రెండు చుక్కలు కాదు, ఎక్కువే పడ్డాయి. మిగతా నాలుగు బోల్టులకీ ఆ తర్వాతే వేశాను. అలవాటు అన్న మాట అప్పుడే, ఆ నాలుగింటి కోసమే, కల్పించుకున్నాను.

నా ఫైళ్ళలో ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. తమ చెయ్యి చేసింది తమకి తెలియదనేవాళ్ళు. వాళ్ళ గురించి చదువుతూ నేను జాలిపడేవాణ్ణి.

అక్క కిందికి దిగింది. ముక్కుతో ఒక్కసారి గాలి పీల్చింది. ఒక్కసారి చాలు. కుట్టుమిషను నూనె కాలితే వచ్చే వాసన మా ఇద్దరి చర్మంలోనే ఉంది. ఇంజను నూనె వాసనతో దానికి పోలికే లేదు. ఆమె నా వైపు చూడలేదు.

"ఇది లోపలి పొగ కాదండి," అంది పరీక్షాధికారితో. "పైన పడిన నూనె కాలుతోంది."

"అందరూ అదే చెబుతారమ్మా." ఆయన గొంతులో విసుగు లేదు. "పైన నూనె ఎందుకు పడింది? ఎక్కడో కారుతోందనేగా. కారేదుంటే నేను పాస్ చెయ్యలేను. లేదంటే పోశారా? ఎవరు పోశారు?"

అక్క నోరు విప్పలేదు. కారే బండి అని రాసినా సరే అన్నట్టు నిలబడింది. తొమ్మిదేళ్ళ పని మీద ఆ మాట పడుతుంటే, తమ్ముడి పేరు చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. ఆయన పెన్ను కాగితం మీద ఎర్రగడి దగ్గరికి వెళ్ళింది.

"నేనే వేశాను సార్," అన్నాను.

ఇద్దరూ చూశారు. ఏడు బోల్టులకి ఒక్కోదానికి రెండు చుక్కలని, మూడోదానికి ఎక్కువని చెప్పాను. ఎందుకన్నాడు. మా కొట్టు పద్ధతి చెప్పి ఊరుకోవచ్చు. అదీ అబద్ధం కాదు. నోట్లో ఆ మాట సిద్ధంగా కూడా ఉంది.

"ఫెయిలవ్వాలనేమో సార్," అన్నాను.

అక్క ఇంజను మీదికి వంగి మూడో బోల్టును చూస్తోంది. తెల్లగుడ్డ కళ్ళజోడు తీసి, మెడలో వదిలేసి, నన్ను అలా చూస్తూ ఉండిపోయాడు.

"ఇన్నేళ్ళలో పాసవ్వడానికి అబద్ధాలు చెప్పినవాళ్ళని వేలమందిని చూశాను," అన్నాడు నెమ్మదిగా. "ఇది కొత్త."

ఆయన బండి వెనక్కి వెళ్ళాడు. అక్కని ఇంజను వెయ్యమని, జేబులోంచి మడత పెట్టిన తెల్లగుడ్డ తీసి పొగగొట్టం మూతికి పట్టుకున్నాడు. ముందు పొగ లేస్తూనే ఉంది. వెనక ఆయన పెదాలు కదులుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. గుడ్డ తిప్పి చూశాడు. కాస్త తడి. మరక లేదు. లోపల పొగ లేదు కాబట్టి పరీక్ష ఇంకా మొదలవనట్టే లెక్క అన్నాడు. పైన పడిందంతా పది నిమిషాల్లో తుడవమన్నాడు.

అక్క నాకొక గుడ్డముక్క ఇచ్చింది. ఇద్దరం చెరోవైపు నుంచి మొదలుపెట్టాం. ఇనుము చెయ్యి పెట్టలేనంత వేడెక్కి ఉంది. రెండు బోల్టులు తుడిచి అక్క తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మూడోది నువ్వే తుడువు," అంది.

తుడిచాను. వేలి చివర చురుక్కుమంది. ఆ మంట బాగానే ఉందనిపించింది.

తర్వాత బండిని రోలర్ల మీదికి ఎక్కించారు. అక్కే స్టీరింగు దగ్గర. చక్రాలు తిరుగుతున్నాయి, బండి ఉన్నచోటే ఉంది. తెర మీద మూడు అంకెలు. మొదటిది కాలకుండా మిగిలిపోయిన పెట్రోలు. రెండోది విషవాయువు. మూడోది పూర్తిగా కాలిన గాలి, అది ఎక్కువుంటేనే ఇంజను సరిగ్గా మండుతున్నట్టు. ఇదంతా తెల్లగుడ్డ వ్యాను డ్రైవరుకి చెబుతుంటే విన్నాను. మొదటి అంకె నలభై దగ్గర మొదలైంది. ఇరవైరెండు. తొమ్మిది. మూడు. అక్క పాదం ఎంత నొక్కిందో నాకు తెలియదు, ఇంజను గొంతు మాత్రం మారలేదు. ఒకటి.

సున్నా.

తెల్లగుడ్డ చప్పున వెనక్కి వెళ్ళాడు. పుల్ల జారిపోయిందనుకున్నాడు. జారలేదు. గొట్టం ఎక్కడైనా చిల్లిపడిందేమోనని పొడుగునా చేత్తో తడిమాడు. తిరిగొచ్చి మూడో అంకె చూశాడు: పదిహేను. పుల్ల బయటి గాలి పీలుస్తుంటే అంత రాదు. పుల్ల పొగగొట్టంలోనే ఉంది. వస్తున్నది ముసలిదాని ఊపిరే.

ఆయన అప్పుడొక పని చేశాడు. అది పరీక్షలో భాగం కాదని నాకు కూడా తెలుసు. పుల్లని బయటికి లాగి, చెయ్యి పైకి చాపి, షెడ్డు మధ్యలో, మేమంతా పీలుస్తున్న గాలిలో పట్టుకున్నాడు. మొదటి అంకె మెల్లగా పెరిగింది. పదకొండు దగ్గర నిలబడింది. మళ్ళీ పొగగొట్టంలో పెట్టాడు. సున్నా. మళ్ళీ పైకి పట్టాడు. పదకొండు. మళ్ళీ లోపల.

సున్నా.

పక్క వరుసలోంచి ఇద్దరు మెకానిక్కులు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. ఎవరో ఒకరు గుడిలోలాగా చెప్పులు విప్పుతారేమో అనిపించింది, అంత నిశ్శబ్దం.

"ఇది పీల్చే గాలి కాదు, ఎవరూ మూతి దగ్గరికి వెళ్ళకండి," అన్నాడు తెల్లగుడ్డ చివరికి. "కానీ ఈ ఒక్క లెక్కలో మనకంటే ఇదే శుభ్రంగా ఉంది."

పక్కనే, ఒక తలుపు అవతల, ఇంత పెద్దది జరుగుతుంటే నేను భోజనానికి పిలిచి వెళ్ళిపోయాను. ఒక మనిషి తొమ్మిదేళ్ళు ఒకదాని మీద ఇంత శ్రద్ధ పెట్టగలదని, ఆ శ్రద్ధ చివరికి సున్నా అన్న అంకెగా తెర మీద కనిపిస్తుందని నా చదువు నాకు చెప్పలేదు. దాక్కోవడం అని నేను రాసుకున్న ఫైలులో ఉన్న మనిషి వేరు. రోలర్ల మీద, అద్దం వెనక, ముందుకు చూస్తూ కూర్చున్న ఈ మనిషిని నేనెప్పుడూ కలవలేదు.

బండి ఆపాక తెల్లగుడ్డ అక్కని ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాడు. అక్క సిగ్గుపడింది. ఇన్నేళ్ళలో ఆమె సిగ్గుపడటం నేను చూసింది బహుశా అదే మొదటిసారి.

"కుట్టుమిషను దగ్గరేనండి. పైదారం ఎక్కువ లాగితే ముడి పైన కనిపిస్తుంది, కిందిదారం లాగితే కింద. ముడి రెండు గుడ్డల మధ్య దాక్కోవాలి. పెట్రోలూ గాలీ కూడా అంతే అనుకుని చేశాను."

ఆయన కాగితం మీద ఒక్కో గడిలో అంకెలు నింపాడు. మార్పులు చేసినవారు అన్నచోట అక్క పేరు, ఒక్కో అక్షరం అడిగి మరీ రాశాడు. ముందు అద్దానికి తాత్కాలిక అనుమతి కాగితం తన చేత్తోనే అంటించి, మూలలు బొటనవేలితో అదిమాడు.

తిరుగు ప్రయాణానికి ట్రక్కు అక్కర్లేకపోయింది. పగటివేళ, రద్దీ రోడ్డు మీద, లారీల మధ్య అక్క బండి నడుపుతోంది. వెనక సొరుగుల్లో సూదులూ చిన్న మరలూ గలగలమంటున్నాయి. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే, ఆమే మొదలుపెట్టింది.

"పొద్దున చూశాన్రా. కిటికీలోంచి."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

"చూసి ఆపలేదేం?"

అక్క గేరు మార్చింది. ముందున్న బస్సుని దాటేదాకా ఆగి చెప్పింది.

"ఆపితే ఇంకోటి చేసేవాడివి. నూనె అయితే కాలిపోతుంది."

వరుసలో అరగంట ఇంజను నడుస్తుంది, మనవంతు వచ్చేసరికి అంతా ఆరిపోతుందనుకున్నానని, అక్కడ ఇంజను ఆపమంటారని తెలియదని, తను పప్పులో కాలేసింది అక్కడేనని చెప్పింది. నా తప్పు గురించి ఒక్క మాట లేదు. ఏ బోల్టుకి ఎన్ని చుక్కలు పడ్డాయో, ఎంతసేపట్లో కాలతాయో కిటికీ దగ్గర నిలబడి లెక్క కట్టుకుంది. నా గురించి కూడా అంత కచ్చితంగానే లెక్క కట్టుకుంది. ఎన్నాళ్ళ నుంచో నాకు తెలియదు. ఆమె దగ్గర నేను దాచుకున్నాననుకున్నదేదీ దాగలేదు. అయినా పక్కనే కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది.

"ఇల్లు ఖాళీగా ఉంటోంది అక్కా," అన్నాను.

"తెలుసు," అంది. "ఆదివారాలు వస్తాను. వంట నువ్వే చెయ్యాలి. నేను వచ్చేది కూర్చోడానికి."

ఆసుపత్రి గేటు ముందు బండి ఆపింది. నాకు సగం రోజు ఉద్యోగం మిగిలి ఉంది. తనకి ఇంకో వీధిలో పనుంది: యూనిఫారాలు కుట్టే ఒకావిడ మిషను రెండు రోజులుగా కుట్లు వదిలేస్తోందట, కొట్టుకు మోసుకురాలేనందట. మొదటి బేరం. తలుపు వేసి దూరంగా నిలబడ్డాను. ముసలిది చప్పుడు లేకుండా కదిలి రోడ్డెక్కింది.

నేను దాని వెనక చూశాను. పొగ లేదు. పొగగొట్టం మూతి దగ్గర జానెడు మేర గాలి మాత్రం ఎండలో వణుకుతోంది. ఆ వణుకులోంచి రోడ్డు, అవతలి గోడ, గోడ పక్కన నడుస్తున్న మనుషుల కాళ్ళు కొద్దిగా అలలు అలలుగా కనిపించాయి. మలుపు తిరిగి బండి కనుమరుగయ్యేదాకా, గేటు దగ్గరి కాపలాదారు రెండుసార్లు లోపలికి రమ్మని పిలిచినా, నేను అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాను.